మధ్యమనిషి మాట: అనువాదకుల సంఘం ఎవరి పక్షాన?

అమీర్‌పేటలో మైత్రీవనం ముందర నిలబడి తలెత్తితే ఆకాశం కంటే ముందు బోర్డులు కనపడతాయి. కంప్యూటర్ కోర్సులు, గ్రూప్స్ కోచింగు, స్పోకెన్ ఇంగ్లీషు, హాస్టళ్ళు, కర్రీ పాయింట్లు. వాటి సందున చిన్న అక్షరాలతో ఇంకో బోర్డు: 'ఇచ్చట అన్ని భాషల ట్రాన్స్‌లేషన్ చేయబడును'. మెట్లెక్కి పోతే ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, జిరాక్సు మిషను, రబ్బరు స్టాంపుల పెట్టె. అక్కడి నుంచి పంజగుట్ట చౌరస్తా దాకా, అంటే మెట్రోలో ఒక్క స్టేషను దూరంలో, ఇట్లాంటి గదులు చాలానే ఉన్నాయి.

పరిశోధన చేస్తూ, ఫెలోషిప్పు రాని నెలల్లో, నేను ఇట్లాంటి గదుల్లోనే పనిచేశాను. వీసా కోసం పుట్టిన సర్టిఫికెట్లు, మందుల కంపెనీల అంగీకార పత్రాలు, కోర్టు కాగితాలు, ప్రభుత్వ పథకాల కరపత్రాలు, స్వచ్ఛంద సంస్థల రిపోర్టులు – ఇవన్నీ తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఇక్కడ మారుతుంటాయి. అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రాంగూడకి మారిపోయినా ఈ గదులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఈ పని చేసేవాళ్ళలో తమకో సంఘం కావాలన్న మాట అప్పుడప్పుడు టీకొట్టు దగ్గర వస్తుంది, పోతుంది. అమీర్‌పేటలోనే సారథి స్టూడియో ఉంది. సినిమాకి మాటలు రాసేవాళ్ళకి సంఘం ఉంది. మరి కోర్టుకి, ఆస్పత్రికి మాటలు మార్చేవాళ్ళకి?

దళిత అధ్యయనాల పత్రికలో ఈ సంగతి ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. సంఘం అంటే రేట్లు, గుర్తింపు కార్డులు, వార్షిక సభ అనుకుంటే నిజంగానే ఇక్కడ చోటు అక్కర్లేదు. కానీ రెండు భాషల మధ్య నిలబడ్డ మనిషి చేతిలో ఒక అధికారం ఉంటుంది. ఆ అధికారం కింద ఎక్కువగా నలిగేది మన వాడల మనుషులే. అందుకే ఈ సంఘం ఎవరికి జవాబు చెప్పాలన్నది మన ప్రశ్న కూడా.

వాడలో పిల్ల దుబాసీలు

మా నాయన సంతకం పెట్టడం నేర్చుకున్నాడు గాని చదవడం రాదు. మా అమ్మకి అదీ లేదు. నేను నాలుగో తరగతిలో ఉండంగనే వాడలో ఏ కాగితమొచ్చినా నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. కరెంటు బిల్లు, కోర్టు సమను, మందుల చీటీ. ఇంగ్లీషు ముక్క ఉంటే బడిలో సారుని అడిగి వచ్చి చెప్పేవాణ్ణి. మొదటి తరం చదువుకున్న మా అందరి బాల్యం ఇట్లాంటిదే. మా ఇళ్ళల్లో బడికి పోయిన ప్రతి పిల్లా దుబాసీయే.

ఏడో తరగతిలో ఉండగా మా పెద్దనాయనకి అప్పు నోటీసు ఒకటి వచ్చింది. అది తెలుగులోనే ఉంది. ఐనా ఆ తెలుగు మా తెలుగు కాదు. 'సదరు రుణగ్రహీత', 'చరాస్తుల జప్తు', 'గడువులోపు' అని రాసుంది. నేను చదివి, బాకీ కట్టమంటున్నారని చెప్పాను. జప్తు అన్న ముక్క దాటేశాను. ముసలాయన భయపడతాడని. గడువు సంగతి కూడా ఆ వాక్యంలోనే ఉంది. అది కూడా పోయింది. గడువు దాటినాక వచ్చి బర్రెని తోలుకపోయారు. "నువ్వు చదివినప్పుడు ఇది లేదుగదరా అయ్యా" అన్నాడు పెద్దనాయన. అంతకంటే ఒక్క మాట అనలేదు.

ప్రేమతో చేసిన తప్పు కూడా తప్పే అని అప్పుడు తెలిసింది. మధ్యమనిషి వదిలేసిన మాటకి మూల్యం ఆ మధ్యమనిషి చెల్లించడు. ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్న విషయానికి మూలం ఇదే.

దుబాసీల కులం

దుబాసీ అన్న మాట ద్విభాషి నుంచి వచ్చింది. తెలుగువాళ్ళలో ఇది కొత్త వృత్తి కాదు. కంపెనీ పాలన కాలంలో ఇది పెద్ద ఉద్యోగం. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830-31లో ఆయన కాశీ ప్రయాణం చేశారు. వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ అదాలత్ కోర్టులో అనువాదకుడు, ఇంటర్‌ప్రిటరు. ఇంగ్లీషులో ఆయన రాసుకున్న జీవిత చరిత్ర 1873లో అచ్చయింది. కాలిన్ మెకంజీ ఊరూరి కైఫీయతులు సేకరించినప్పుడు ఆయనకి కళ్ళూ చెవులూ కావలి సోదరులు – బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

వీళ్ళు ప్రతిభావంతులు కాదని ఎవరూ అనరు. కానీ ఒక విషయం గమనించాలి. వీళ్ళందరూ బ్రాహ్మణులు. తెల్లదొరకి ఊరు అర్థమయ్యింది ఈ నోళ్ళ ద్వారా. ఊరి మాన్యాలు, మిరాసీలు, ఆచారాలు ఎవరివి ఏమిటన్నది రికార్డుకెక్కింది వీళ్ళ చెవుల ద్వారా. పల్లె మనిషి, గూడెం మనిషి కోర్టు మెట్లెక్కితే అతని మాట దొర చెవిన పడేసరికి కనీసం రెండు సార్లు మారేది. ఒకసారి భాష మారేది, ఇంకోసారి కులం మారేది. రెండో మార్పుని తర్జుమా అని ఎవరూ పిలవలేదు.

ఈ వరసలోకి వెలివాడ నుంచి ఒక మనిషి రావడానికి నూరేళ్ళకి పైగా పట్టింది. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారిని మనం కవిగా ఎరుగుదుం. 'గుడిసెలు కాలిపోతున్నై'కి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ ఆయన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అనువాద శాఖలో ఉన్నతోద్యోగం చేశారనీ, అంబేడ్కర్ గ్రంథాన్ని 'కుల నిర్మూలన'గా తెలుగు చేశారనీ మన సాహిత్య చర్చల్లో తక్కువగా వస్తుంది. పగలు సర్కారు మాటని తెలుగులోకి, తన పూనికతో అంబేడ్కర్ మాటని తెలుగులోకి తెచ్చిన మనిషి ఆయన. మన అనువాద చరిత్ర రాసేవాళ్ళు ఆయన దగ్గర ఒక అధ్యాయం మొదలుపెట్టాల్సి ఉంది.

అట్లాగే బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే'. అది ఒక పుస్తకానికి అనువాదం కాదు. ఐనా అది అనువాదమే. ఇంగ్లీషు చట్టాన్ని కూలిమనిషి తెలుగులోకి తెచ్చిన పని అది.

'ఏమే' అన్న మాట ఎక్కడ పోయింది

ఇక పని సంగతికొద్దాం. ఈ గదుల్లో నేను పనిచేస్తుండగా ఒక వకీలు ఆఫీసు నుంచి ఫిర్యాదు కాగితం వచ్చింది. హైకోర్టులో వెయ్యడానికి ఇంగ్లీషు ప్రతి కావాలి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యవహారాలు ఇంగ్లీషులోనే నడుస్తాయి గదా. ఫిర్యాదు చేసింది మా అమ్మ వయసు మనిషి. తిట్టింది ఆమె కొడుకు వయసువాడు. కాగితంలో ఉన్న మాట ఇది: "ఏమే మాదిగదానా, మా అరుగు మీద కూసునే ధైర్నం యాడ్నించొచ్చిందే నీకు."

నేను మాట మాటా రాశాను. కులం పేరు తెలుగులో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, 'ఏమే', 'దానా', 'నీకు' అన్నవి తనకంటే పెద్దదాన్ని చిన్నచేసి పిలిచే పిలుపులని కింద ఒక వివరణ ఇచ్చాను. గది యజమాని అది చూసి నవ్వాడు. మొత్తం కొట్టేసి, కులం పేరుతో బూతులు తిట్టాడని అర్థమొచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం రాశాడు. 'అరుగు' కాడ 'ఇల్లు' అని పెట్టాడు. "కోర్టుకి ఇంత కథ అక్కర్లేదు, మాటకింతని ఇస్తున్నరు" అన్నాడు.

ఇందులో ఏం పోయిందో చూద్దాం. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ తర్వాత, 3(1)(ఆర్) కింద నలుగురికీ కనపడే చోట కావాలని అవమానించడం ఒక నేరం. 3(1)(ఎస్) కింద అట్లాంటి చోట కులం పేరుతో తిట్టడం ఇంకో నేరం. కోర్టు అడిగేది మూడు విషయాలు: సరిగ్గా ఏ మాట అన్నాడు, ఏ ఉద్దేశంతో అన్నాడు, ఎక్కడ అన్నాడు. 'బూతులు' అని రాస్తే మొదటిది పోయింది. పిలుపులోని చిన్నచూపు వదిలేస్తే రెండోదానికి ఉన్న సాక్ష్యం పల్చబడింది. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట గదా.

మూడోది ఇంకా ముఖ్యం. 2008లో స్వరణ్ సింగ్ కేసులో ఇంటి గేటు దగ్గర తిట్టినా అది నలుగురి కంట పడే చోటే అని సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో హితేష్ వర్మ కేసులో, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిందన్న ఆరోపణ ఆ కిందికి రాదని చెప్పి ఆ నేరం కొట్టేసింది. మన ఊళ్ళల్లో అరుగు వీధిలోకి ఉంటుంది. ఎవరు పోతున్నా కనపడుతుంది. 'అరుగు'ని 'ఇల్లు' చేస్తే వీధి పోయి గోడలొచ్చాయి. ఒక్క నామవాచకం మీద కేసు నిలబడ్డమో కూలిపోవడమో ఉంది.

యజమానిది కుట్ర అని నేను అనను. ఆయనకి అది పనిలో సుళువు. కానీ ఆ సుళువు ఎప్పుడూ ఒకే వైపుకి వాలుతుంది. నా మీదా కొంత తప్పుంది. గట్టిగా పట్టుబట్టలేదు. ఆ నెల గది అద్దె కట్టాల్సి ఉంది. నా పేరు ఆ కాగితం మీద లేదు. ఆ కేసు ఏమైందో నాకు తెలియదు. ఆ తల్లికి కూడా, తన మాట మధ్యలో మారిందని తెలిసి ఉండదు.

వేలిముద్ర వెనక ఎవరున్నారు

భాష అర్థం కాకపోతే హక్కు లేనట్టే అని మన సుప్రీంకోర్టు చాలా కిందనే చెప్పింది. 1962లో హరికిసన్ కేసు. ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి కారణాలు ఇంగ్లీషులో ఇచ్చారు. అతనికి ఇంగ్లీషు రాదు. హిందీలో ఇమ్మని అడిగితే, పోలీసు అధికారి నోటితో వివరించాడు గదా అని ప్రభుత్వం వాదించింది. అది చాలదని, 22(5) అధికరణం కింద నిర్బంధితుడికి తెలిసిన భాషలో తెలియజేయాల్సిందేనని చెప్పి కోర్టు అతన్ని విడుదల చేసింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 279, 282 సెక్షన్లు ఉండేవి. ముద్దాయికి సాక్ష్యాన్ని అతని భాషలో వినిపించాలి. ఇంటర్‌ప్రిటరు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి బద్ధుడై ఉండాలి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ నియమాలున్నాయి. చట్టం ఇంటర్‌ప్రిటరుకి బాధ్యత పెట్టింది. ఆ బాధ్యత మొయ్యడానికి కావల్సిన శిక్షణ, జీతం, రక్షణ సంగతి మాత్రం ఆ సెక్షన్లలో లేదు.

కోర్టు కంటే ఆస్పత్రిలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. పంజగుట్టలో నిమ్స్ ఉంది. జిల్లాల నుంచి వచ్చే రోగుల వెంట ఇంగ్లీషో, కొంచెం ఉర్దూనో వచ్చిన పిల్లలు వస్తారు. వాళ్ళే దుబాసీలు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే మనిషికైతే రెండు మెట్లు. ముందు తెలుగులోకి, ఆ తర్వాత డాక్టరు భాషలోకి.

మందుల ప్రయోగాల్లో అంగీకార పత్రం తెలుగులో ఇవ్వాలి. ఈ వీధి గదులకి వచ్చే పెద్ద పని ఇదే. దీనికో పద్ధతి ఉంది. ఒకరు తెలుగు చేస్తారు. ఆ తెలుగుని, అసలు ప్రతి చూడని ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు. దీన్ని తిరుగు తర్జుమా అంటారు. రెండు ఇంగ్లీషులూ పోల్చి, కలిస్తే సరిపోయినట్టు సర్టిఫికెట్టు ఇస్తారు. పద్ధతి మంచిదే. కానీ దీనిలో ఒక బొక్క ఉంది. తెలుగు చేసేవాడూ తిరగచేసేవాడూ ఇద్దరూ కాలేజీ తెలుగువాళ్ళే. 'యాదృచ్ఛికీకరణ' అని ఒకరు రాస్తే రెండోవాడు దాన్ని చక్కగా ఇంగ్లీషులోకి తిప్పేస్తాడు. కాగితం పాసయిపోతుంది. చదవాల్సిన మనిషికి ఏమీ అర్థం కాదు. ఎవరికి ఏ మందు అనేది చీట్లు వేసినట్టు తేలుస్తారని రాస్తే అర్థమవుతుంది. కానీ చదువులేని తెలుగు అని దాన్ని దిద్దేస్తారు. 'పరీక్ష' అని రాస్తే రక్త పరీక్ష అనుకుంటారు. 'ప్రయోగం' అని రాస్తే భయపడతారని 'పరిశోధన' అని పెడతారు. మళ్ళీ అదే – భయపడతారని మాట దాటెయ్యడం. నేను ఏడో తరగతిలో చేసిన పనే.

2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వేశారు. అందులో గిరిజన పిల్లలు, హాస్టలు పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. వేలిముద్ర పెట్టిన తల్లిదండ్రులకి ఆ కాగితం ఎవరు చదివి చెప్పారు? ఏ భాషలో చెప్పారు? ఏం వదిలేశారు? ఈ మూడు ప్రశ్నలూ అనువాదకుడు అడగాల్సిన ప్రశ్నలే.

పేరు లేదు, రాతకోతల్లేవు

ఇప్పుడు ఈ పని చేసేవాళ్ళ స్థితి చూద్దాం. బయటి కంపెనీ ఒక పెద్ద ఏజెన్సీకి ఇస్తుంది. అది అమీర్‌పేట గదికి ఇస్తుంది. గది మనలాంటి వాళ్ళకి ఇస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా మాట రేటు తగ్గుతుంది. చివర కూర్చున్నవాడికి అసలు రేటు తెలియదు. డబ్బులు నెలకో, రెండు నెలలకో. కొన్నిసార్లు రావు. అడగడానికి కాగితం ఉండదు. ఫోనులో మాటే ఒప్పందం. 1952 నోటరీల చట్టం 8వ సెక్షనులో పత్రాలు అనువదించడం, అనువాదాన్ని ధ్రువీకరించడం నోటరీ విధుల్లో ఉన్నాయి. అందుకని కింద స్టాంపు నోటరీది. పైన పని ఎవరిదో కాగితానికి తెలియదు.

పుస్తకాల వైపు కూడా ఇంతే. కానీ చట్టం మనం అనుకున్నంత చెడ్డది కాదు. 1957 కాపీరైటు చట్టం కింద, మూల రచయిత అనుమతితో చేసిన అనువాదానికి అనువాదకుడికే హక్కు ఉంటుంది. ఉద్యోగిగా జీతానికి చేసినప్పుడు మాత్రం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి పోతుంది. బయటినుంచి పనిచేసేవాళ్ళు ఆ హక్కుని రాతపూర్వకంగా ఇచ్చేస్తేనే పోతుంది. ఆ రాతలో కాలపరిమితి లేకపోతే 19వ సెక్షను దాన్ని ఐదేళ్ళుగా లెక్కేస్తుంది. ఈ మాత్రం ఎరుక ఉన్నా చాలామంది పేరు ముఖచిత్రం మీదికొస్తుంది. ఒక్కొక్కరూ పోయి అడగలేరు. అడిగితే ఇంకో మనిషి దొరుకుతాడు. అందుకే సంఘం.

సంఘాలు ఎట్లా పుట్టాయి

వేరేచోట్ల ఈ పని ఎప్పుడో జరిగింది. 1953లో పారిస్‌లో అంతర్జాతీయ అనువాదకుల సమాఖ్య ఏర్పడింది. అదే ఏడు అదే నగరంలో సభల్లో ఇంటర్‌ప్రిటింగు చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘమూ ఏర్పడింది. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణల్లో, ఐక్యరాజ్యసమితిలో ఈ పని పెరిగింది గనక అది అప్పుడు వచ్చింది. 1976 నవంబరులో నైరోబీలో యునెస్కో ఒక సిఫార్సు చేసింది. అనువాదకులకి రచయితలతో సమానమైన రక్షణ ఉండాలి, పేరు వెయ్యాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, సంఘాలు పెట్టుకోవడాన్ని ప్రోత్సహించాలి అని. 2017లో ఐక్యరాజ్యసమితి సెప్టెంబరు 30ని అంతర్జాతీయ అనువాద దినంగా గుర్తించింది. మన దేశంలో ఢిల్లీ కేంద్రంగా ఇండియన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ ఉంది. 2008లో మైసూరులో జాతీయ అనువాద మిషన్ మొదలైంది.

ఐతే మనకి ఎక్కువ పనికొచ్చే పాఠం దక్షిణాఫ్రికాది. అక్కడ 1996లో సత్యశోధన, సామరస్య కమిషన్ విచారణలు మొదలైనప్పుడు నల్లజాతి తల్లులు తమ భాషల్లో సాక్ష్యం చెప్పారు. ఇంటర్‌ప్రిటర్లు 'ఆమె ఇట్లా అంటోంది' అని చెప్పలేదు. 'నా కొడుకుని చంపారు' అని ఆమె నోరై చెప్పారు. హింసించిన పోలీసు మాట్లాడినప్పుడు 'నేను చంపాను' అని కూడా వాళ్ళే చెప్పారు. ఇది ఆ వృత్తిలో మొదటి నియమం: 'నేను' అన్న మాటని మార్చకూడదు. ఆ పని చేసి చాలామంది మానసికంగా నలిగిపోయారు. మన దగ్గర మధ్యలో నిలబడ్డవాడు అనేదేంది? "ఏదో కడుపునొప్పి అంటుంది సార్." ఆమె పది నిమిషాలు చెప్పింది నాలుగు మాటలైపోయింది. ఆ మాటల్లో మొదటిదే 'ఏదో'.

ఎట్లాంటి సంఘం కావాలి

సంఘం అనంగనే ఒక భయం కూడా ఉంది. సంఘం పరీక్ష పెడుతుంది, కార్డిస్తుంది, కార్డు లేనివాళ్ళని బయట ఉంచుతుంది. ఆ పరీక్ష పేపరు ఎవరు తయారుచేస్తారు? 'శుద్ధమైన తెలుగు' అంటే ఎవరింటి తెలుగు? తల్లిభాషలోకి అనువదించడం మేలని నైరోబీ సిఫార్సు చెప్పింది. మంచిదే. మా అమ్మ భాష ఏ పరీక్షలో ఉంది? తోలుపని మాటలు, పురుడు పోసే మాటలు, కల్లం కాడి మాటలు, తిట్ల మాటలు తెలిసిన మనిషికి మార్కులుంటాయా? లేకపోతే పాత దుబాసీల అగ్రహారమే కొత్త బోర్డు పెట్టుకుని కూర్చుంటుంది.

1919లో సౌత్‌బరో కమిటీ ముందు అంబేడ్కర్, అంటరానివాళ్ళకి అంటరానివాళ్ళే ప్రతినిధులు కావాలని వాదించారు. దీన్ని అనువాదానికి ఉన్నదున్నట్టు అంటించలేం. దళితుల మాట దళితులే మార్చాలంటే కోర్టు పని నడవదు. జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2010లో అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్ల చేతిలో ఇంగ్లీషులోకి పోయింది. బయటివాళ్ళు చెవి పెట్టి వింటే పని జరుగుతుంది. కానీ వినడం నేర్పే చోట, తప్పు పట్టే చోట వాడల మనిషి కూర్చొని ఉండాలి. అది లేకుండా వినడం వాళ్ళ మంచితనం మీద ఆధారపడుతుంది. మంచితనం మీద హక్కులు నిలబడవు.

కాబట్టి అమీర్‌పేట–పంజగుట్ట దారిలో ఒక సంఘం వస్తే అది కనీసం ఈ ఐదు పనులు చెయ్యాలని నా ప్రతిపాదన.

ఒకటి. రాతపూర్వక ఒప్పందం లేని పని సభ్యులు తీసుకోకూడదు. రేటు, గడువు, పేరు, హక్కు – నాలుగూ కాగితం మీద ఉండాలి. తీసుకోనన్నవాళ్ళకి ఆ నెల అద్దెకి సంఘం నిధి ఆసరా ఉండాలి. లేకపోతే ఈ నియమం నాలాంటివాడి చేత నిలబడదు.

రెండు. కులం పేరు, తిట్టు, పిలుపు, స్థలం – వీటిని అనువాదకుడు మెత్తబరచకూడదు. మూలంలోని మాట అక్షరాలా ఉంచి పక్కన వివరణ ఇవ్వాలి. దాన్ని కొట్టెయ్యమనే హక్కు యజమానికి ఉండకూడదు.

మూడు. అంగీకార పత్రాలకి తిరుగు తర్జుమాతో పాటు చదివి వినిపించే పరీక్ష ఉండాలి. బడి చదువు లేని ఐదుగురికి వినిపించి, వాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే పాసు. ఆ ఐదుగురికి ఆ రోజు కూలి ఇవ్వాలి. అదీ నిపుణుల పనే గనక.

నాలుగు. సభ్యత్వానికి డిగ్రీ షరతు పెట్టకూడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఇఫ్లూలో, ఉర్దూ యూనివర్సిటీలో అనువాద చదువులున్నాయి. వాటి విలువ వాటికుంది. కానీ గోండి నుంచి తెలుగు చెప్పగల ఆశా కార్యకర్త కూడా ఇంటర్‌ప్రిటరే.

ఐదు. మాట పోగొట్టుకున్న మనిషి వచ్చి ఫిర్యాదు చెయ్యగలిగే చోటు ఉండాలి. సంఘాలు సాధారణంగా సభ్యులకీ యజమానులకీ మధ్య తగాదాలు చూస్తాయి. ఆ కాగితంలోని తల్లి ఈ రెండిట్లో ఎవరూ కాదు. ఐనా నష్టపోయింది ఆమే.

రిజిస్ట్రేషను కష్టమైన పని కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద ఏడుగురు చాలు. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది కావాలి. రెండోదే మనకి మేలని నాకనిపిస్తుంది. సొసైటీ వినతిపత్రాలిస్తుంది. సహకార సంఘమైతే పనే నేరుగా తీసుకోగలదు. మధ్య మెట్లు తగ్గుతాయి.

మిషను వచ్చింది గదా?

ఇప్పుడు ఎవరితో ఈ మాటెత్తినా వచ్చే జవాబు ఇది. 2011లో గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుల అనువాదానికి సువాస్ అనే సాఫ్ట్‌వేరు ప్రారంభించింది. 2022లో కేంద్రం భాషిణి తెచ్చింది. గదుల్లో ఇప్పుడు వచ్చే పనిలో చాలా భాగం మిషను చేసిన తర్జుమాని దిద్దడమే. రేటు తగ్గింది. బాధ్యత మాత్రం దిద్దినవాడి మీదే ఉంది.

నేను మిషనుకి వ్యతిరేకిని కాదు. తీర్పులు తెలుగులో దొరికితే మంచిదే. కానీ మిషను ఎక్కువగా అచ్చులో ఉన్న తెలుగు నుంచి నేర్చుకుంటుంది. అచ్చులో వాడల తెలుగు ఎంత ఉంది? ఉన్నంతలో ఎంత భాగం తిట్టుగా ఉంది, ఎంత భాగం మన గొంతుగా ఉంది? పైగా మిషను ఎక్కడ ఏ మాట వదిలేసిందో చూసి పట్టుకోవాలంటే ఆ మాట విలువ తెలిసిన మనిషి కావాలి. 'అరుగు'ని మిషను కూడా 'ఇల్లు' చెయ్యొచ్చు. ఆ తప్పు ఆ తల్లికి ఎంత ఖరీదో దానికి తెలియదు. అందుకే సంఘం అవసరం తగ్గలేదు. పెరిగింది.

మా పెద్దనాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అడిగిన మాట ఇప్పటికీ ఈ పని ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొస్తుంది. నువ్వు చదివినప్పుడు ఇది లేదు గదరా, అని. అమీర్‌పేటలో సంఘం పెట్టాలనుకునే మిత్రులు రేట్ల చర్చ తప్పకుండా చెయ్యండి, అది మన కూలి. దాంతోపాటు మొదటి సభలోనే ఈ ప్రశ్న కూడా ఎజెండాలో పెట్టండి: మనం వదిలేసిన మాటకి ఎవరి బర్రె పోతుంది?